మాట చిన్నత్తది, నోరు నాది

ఆ రోజుల్లో ఫోనులో మాట్లాడటమంటే చిన్న విషయం కాదు. ఇప్పటి పిల్లలు మంచంలో దొర్లుతూ, ఒక చెవితో ఫోను, ఇంకో చెవితో సినిమా వింటూ మాట్లాడేస్తున్నారు గానీ, మా కాలంలో ఫోను చేయాలంటే తలస్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, తోడుకు ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చేవాళ్లు. (ఒక పెద్దాయన చెప్పులు బయట విడిచి, ఫోను పెట్టెకు దండం పెట్టి మరీ మాట్లాడటం నేను కళ్లారా చూశాను.) నారాయణపేట తపాలా కచేరీలో, వరండా పక్కన, కిటికీ ఉన్న ఒక ఇరుకు గదిలో ఉండేది ఆ ఫోను. నల్లటి పెట్టె, దాని పక్కన తిప్పే పిడి, పైన చెవికి ఆనించుకునే గొట్టం. ఆ పిడి తిప్పే ఉద్యోగం నాది. పంతొమ్మిదేళ్ల వయసు, మెట్రిక్ పాసు, ఉద్యోగం టెంపరరీ. అయినా బజారులో నా నడక చూసినవాళ్లు ఢిల్లీ నుంచి తీగెలు నా కోసమే వేశారని అనుకోవాల్సిందే.

మాది చీరలు నేసే ఇల్లు. ఇంట్లో రెండు మగ్గాలుండేవి. ఒకటి బాపుది, రెండోది బాపు కడగొట్టు చెల్లెలు, మా చిన్నత్తది. చిన్నత్తకు పుట్టుకతోనే వినపడదు, అందుకే మాట కూడా రాలేదు. ఊళ్లోవాళ్లు మూగామె అనేవారు. ఇంట్లో మాత్రం ఆమె చేతులు లేచాయంటే మిగిలిన అందరమూ మూగవాళ్లమే. ఆ చేతుల్లో తిట్లుండేవి, సామెతలుండేవి, ఇరుగుపొరుగు వాళ్ల నడకల వెక్కిరింతలుండేవి. మా ఇంటి సైగలు మా ఇంటివి. ఏ బడిలోనూ నేర్పినవి కావు. మీసం దువ్వితే బాపు. నడుం మీద చెయ్యి వేసి మూలిగితే బాపు తల్లి, మా అవ్వ. నాకు ఉద్యోగం వచ్చిన నాటి నుంచి చెవి దగ్గర పిడి తిప్పితే నేను. (అంతకు ముందు నా గుర్తు ముక్కు తుడుచుకోవడం. ఉద్యోగం వల్ల నాకు జరిగిన మొదటి మేలు ఇదే.)

మా మగ్గాలు గుంత మగ్గాలు. నేలలో మోకాటి లోతు గుంత తవ్వి, ఆ గుంత అంచున కూర్చుని, కాళ్లు లోపల పెట్టి, కింది చెక్కలు తొక్కుతూ నేయాలి. మేమంతా మగ్గం చప్పుడు వింటూ నేసేవాళ్లం. చిన్నత్త ఆ చప్పుడును అరికాళ్లతో పట్టుకునేది. పోగును అటూఇటూ లాక్కుపోయే నాడె ఎక్కడ తడబడినా, పోగు ఎక్కడ తెగినా ఆమెకే ముందు తెలిసేది. బయట లోకంలో ఎవరి నోటి వంకో చూసి, సగం అర్థమై సగం కాక చిన్నబుచ్చుకునే మనిషి, గుంతలో కాళ్లు పెట్టగానే ఇంటి యజమానిలా కూర్చునేది. అందుకే ఆమెకు సంబంధాలు చూస్తున్నారంటే ఇంట్లో అందరికీ సంతోషమూ, నాకు మాత్రం కొంచెం బెంగా ఉండేవి.

చివరికి ఒక సంబంధం కుదిరేలా కనిపించింది. కల్వకుర్తి వైపు నేతవాళ్లే. అబ్బాయికీ చెవుడూ మూగా. వాళ్ల ఊళ్లో మగ్గాలు మూలపడితే, ఆనకట్ట కడుతున్న నందికొండకు పోయి, అక్కడి వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరాడు. ఆ వర్క్‌షాపు మోతకు చెవులున్నవాళ్లంతా సాయంత్రానికి తల పట్టుకుని ఇంటికి పోతే, ఆయనొక్కడే హాయిగా పోయేవాడట. ఆయన అన్న మా ఇంటికొచ్చి, తమ్ముడి ఫోటో ఒకటి బాపు చేతిలో పెట్టి, "మా తమ్మునికి సర్కారు క్వార్టరున్నది. గచ్చు నేల, కరెంటు దీపం, ఇంటి ముంగట్నే నల్ల. మీ పొల్ల మారాణి లెక్క ఉంటది" అన్నాడు. బాపు మొహం వెలిగిపోయింది. నేను దీపాన్నీ నీళ్లొచ్చే నల్లానూ చేతులతో చిన్నత్తకు చూపించాను. ఆమె వాటిని పట్టించుకోలేదు. నేలను పిడికిలితో కొట్టి, గట్టిదా అని అడిగింది. గట్టిదే అన్నాను. తర్వాత తన మగ్గం వైపు చూపించి, తవ్వుతున్నట్టు చెయ్యి ఆడించి, కనుబొమలు ఎగరేసింది. గచ్చు నేలలో గుంత ఎలా తవ్వుతారని ఆమె ప్రశ్న.

నేను ఆ ప్రశ్న పెళ్లికొడుకు అన్నను అడగబోతే బాపు నా మోకాలు గిల్లాడు. "గా ముచ్చట ఇప్పుడొద్దు. లగ్గమైతే అన్ని సర్దుకుంటయి. కరెంటు దీపం కింద కూసునేదానికి మగ్గమెందుకు?" అన్నాడు. బాపు చెడ్డవాడు కాదు. చెల్లెలికి ఒక ఇల్లు దొరుకుతుందన్న ఆశ అలా అనిపించింది. చిన్నత్తకు ఆ మాటలు వినపడలేదు గానీ, గిల్లడం కనపడింది. చుట్టాలు వెళ్లాక మా అందరినీ కూర్చోబెట్టి, తానూ ఆయనా స్వయంగా మాట్లాడుకోవాలని చెప్పింది. ఆయనకు ఆనకట్ట పనిలో సెలవు దొరకదు, ఇద్దరికీ చదువు రాదు. "మాటలు రానోళ్లు ఏం మాట్లాడుకుంటరే" అని బాపు నవ్వాడు. చిన్నత్త నవ్వలేదు. లేచి వచ్చి నా చెవి పట్టుకుంది. నా పెదవుల మీద వేలు పెట్టింది. ఆ తర్వాత ఆ వేలిని తన రొమ్ము మీద ఆనించుకుంది. చెవి నీది, నోరు నీది, మాట నాది. అంతకంటే స్పష్టంగా నాకు ఎవరూ ఏ పనీ అప్పగించలేదు.

తప్పు నాదే అనుకోండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె ముందు కూర్చుని, ఇక్కడ ఒకడు మాట్లాడితే అక్కడ ఎక్కడో ఇంకొకడు వింటాడని గొప్పలు పోయిందెవరు? ఆ గొప్పలన్నీ ఆమె గుర్తుపెట్టుకుంది. అవ్వ కూడా ఆమె పక్కనే చేరింది. "అడగనీరా కొడుకా. దాని బతుకు గద" అంది బాపుతో. బాపు గొణుక్కుంటూనే నందికొండకు కార్డు ముక్క రాసి, రోజునూ వేళనూ ఖాయం చేశాడు. తీరా చూస్తే అది సంత రోజు. తపాలా కచేరీ ముందే ఉల్లిగడ్డల బండ్లు, కుండల కుప్పలు, చుట్టుపక్కల ఊళ్ల జనమంతా.

చిన్నత్త తాను నేసిన ఎర్రంచు గళ్ల చీర కట్టుకుని, బాపునూ అవ్వనూ వెంటబెట్టుకుని వచ్చింది. పోస్టుమాస్టరు ఉదారంగా మమ్మల్ని నలుగురినీ ఆ ఇరుకు గదిలోకి వదిలాడు. గాలి ఆడక కిటికీ తెరిచాం. (అదే పొరపాటు. కిటికీ సంతలోకి తెరుచుకుంటుంది.) నేను ఠీవిగా పిడి తిప్పి, పాలమూరు ఎక్స్చేంజిని పిలిచాను. పాలమూరంటే మా జిల్లా కేంద్రం మహబూబ్‌నగరే. మా కాల్స్ అన్నీ అక్కడి నుంచే పైకి పోవాలి. అక్కడి ఆపరేటరును నేనెప్పుడూ చూడలేదు, గొంతు మాత్రమే తెలుసు. బరువైన గొంతు, మధ్యమధ్యలో పాన్ నములుతున్న చప్పుడు. నేను ఆయన్ని భాయ్ అనేవాణ్ని, ఆయన నన్ను మియా అనేవాడు. మేము బుక్ చేసింది ఒక మనిషి పేరు మీద చేసే కాల్. ఆ మనిషే వచ్చి తానేనని చెబితే తప్ప లైను కలపరు, టైము మొదలుకాదు. డబ్బు వృథా కాకుండా ఎంత తెలివిగా బుక్ చేశానో అని అప్పటిదాకా మురిసిపోతున్నాను.

చాలాసేపటికి, హైదరాబాదు, నల్లగొండ గొంతులన్నీ దాటి, భాయ్ గొంతు వచ్చింది. "మియా, నందికొండల నీ మనిషి వచ్చిండట. కాని మాట్లాడుతలేడట. లైన్ల కొచ్చి నేనే అనాలె గద."

"ఆయనకు మాట రాదు భాయ్. మూగ. చెవులు గూడ వినరావు."

భాయ్ పాన్ నమలడం ఆగిపోయింది. "మరి ఫోనెందుకు చేస్తున్నవ్?"

"మాట్లాడనీకె."

"ఎవరు మాట్లాడేది?"

"మా చిన్నత్త."

"అయితే ఆమెకియ్యి."

"ఆమె గూడ మూగనే భాయ్."

ఈసారి పాన్ చప్పుడు కూడా రాకపోయేసరికి, లైను తెగిపోయిందనుకుని నేను పిడి మీద చెయ్యి వేశాను. అప్పుడు ఆ గొంతు, జాలిగా, "మియా, పొద్దున ఏమన్న తిన్నవా?" అని అడిగింది.

మొత్తం కథ చెప్పాల్సి వచ్చింది. రెండు పక్కలా ఇద్దరు మూగవాళ్లు, ఒక్కొక్కరి పక్కన ఒక నోరున్న మనిషి. మా పక్క నేను, అవతల వర్క్‌షాపు టైంకీపరు. భాయ్ అంతా విన్నాడు. కాయిదా అంటే కాయిదానే, రూలు తప్పేది లేదు, నేనే అని ఆ మనిషే చెప్పాలన్నాడు. అంతలోనే, "నేనే అన్నట్టు ఏదన్న చప్పుడు చేయుమను. రాసుకుంట" అన్నాడు. ఈ మాట నందికొండకు చేరింది. మరుక్షణం నా చెవిలో దబదబమని బల్ల పగిలేలా గుద్దిన మోత. ఫిట్టరు చెయ్యి కదా. భాయ్ తృప్తిగా, "ఆఁ, మనిషి హాజరు" అని లైను కలిపాడు.

నిజానికి నేను ఆ రోజు కోసం బాగా తయారై వచ్చాను. పెళ్లిమాటలంటే ఎలా ఉండాలో నాకు కొన్ని అభిప్రాయాలుండేవి. చిన్నత్త మొదటి మాటగా చెయ్యి నోటి దగ్గరకు తీసుకుపోయి, వేలు ముందుకు చూపింది. తిన్నవా అని. నేను గొంతు సవరించుకుని, "శ్రీయుతులైన మీ క్షేమ సమాచారములు తెలిసికొనవలెనని మా చిన్నత్త మిక్కిలి కుతూహలముతో ఉన్నది" అన్నాను. అవతల టైంకీపరు నాకు తగ్గవాడేం కాదు. కోస్తా మనిషి, గొంతులో వెన్న. "అమ్మాయిగారి అమృతవాక్కులకు మావాడు పులకించిపోతున్నాడండీ. కృష్ణమ్మ సాక్షిగా తమ రాక కోసం ఎదురుచూస్తున్నాడండీ" అన్నాడు. నేను ఊరుకుంటానా? చంద్రుణ్ని దించాను. ఆయన వెన్నెల కురిపించాడు. మేమిద్దరం ఒకరి భాషకు ఒకరం ముగ్ధులమవుతూ ఇంకాస్త ముందుకు పోయేవాళ్లమే, నా దవడ ఎవరో గట్టిగా పట్టుకున్నారు.

చిన్నత్త. నా నోటిని చేత్తో మూసి, రెండో చేత్తో లెక్క అడిగింది. "నా చెయ్యి నోటిదాక పోయి వచ్చింది, అంతే నా మాట. నీ నోరు గింతసేపు ఏం నమిలింది?" వినపడని మనిషిని మాటలతో మోసం చేయడం తేలికనుకున్నాను. ఆమె వినలేదు, కొలిచింది. నేను తడబడుతూ, కొంచెం మర్యాద కలిపానని చూపించాను. ఆమె చిటికెడు ఉప్పు వేస్తున్నట్టు వేళ్లు ఆడించి, తన రొమ్ము తట్టుకుని, నా చెయ్యి నెట్టేసింది. ఉప్పు నేనే వేసిన, నువ్వు కలపకు. సరిగ్గా అప్పుడే ఫోనులోంచి టైంకీపరు గొంతు, వెన్న అంతా కరిగిపోయి, "ఆగండాగండి, ఈయన నా చొక్కా పట్టుకున్నాడండీ. నేను ఊపింది తలకాయ ఒక్కసారి, నువ్వు చదివింది పురాణమంటున్నాడు" అన్నది. మధ్యలో భాయ్ కూడా ఉండబట్టలేక, "మీ ఇద్దరి లగ్గం తర్వాత చేసుకోండి మియా. ఆమె చెప్పింది సీదా చెప్పు. ఆమె అంటాంది, ఈయన అంటాండు అనుకుంట కూసుంటే టైమంత అండ్లనే పోతది" అన్నాడు.

సీదా చెప్పడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. చిన్నత్త మాటను చిన్నత్తలాగే, నేను అని చెప్పాలి. పైగా ఆ లైనులో గొంతు చించుకుంటే గానీ అవతలికి వినపడదు. మీసం మొలుస్తున్న మగవాణ్ని, కిటికీ తెరిచి ఉన్న గదిలో నిలబడి, "నాకు కోపమొస్తే మూడు దినాలు అన్నం ముట్ట. నీకు కోపమొస్తే ఏం చేస్తవు?" అని అరిచాను. "కోపమొస్తే పని చేస్తానండి" అన్నాడు అవతలివాడు. "నీకు వంట వస్తదా?" అని అక్కడి నుంచి. "వస్తది. నీకు?" అని ఇక్కడి నుంచి. "నాకూ వస్తుందండి. బాగానే వండుతాడు, ఇది మాత్రం నా మాటండి, ఆయనది కాదు" అని టైంకీపరు. (పాపం, ఆయనకు అలవాటు తప్పలేదు.) నేను ప్రతి మాటా చేతులతో చిన్నత్తకు అందిస్తున్నాను. చూస్తుండగా కిటికీ అవతల సంత ఆగిపోయింది. ఉల్లిగడ్డలమ్మే ముసలమ్మ పక్కవాళ్లను, "గా పోరనికేమైందే, ఎవనితోనో సంసారం ముచ్చట్లు పెడుతున్నడు" అని అడగడం నాకు వినపడింది. చెవులు కాలిపోయాయి. అయినా ఆపలేదు. చిన్నత్త కళ్లు మెరుస్తున్నాయి. ఇంటి బయటి మనిషితో ఆమె ఎవరి దయా లేకుండా మాట్లాడటం అదే మొదటిసారి.

అప్పుడు ఆమె అసలు ప్రశ్నకు వచ్చింది. నేలను చూపించి, తవ్వుతున్నట్టు చెయ్యి ఆడించింది. బాపు చటుక్కున నా భుజం పట్టుకున్నాడు. "అడుగకుర. ఇంత దూరం వచ్చినంక చెడగొట్టకు" అని చెవిలో గుసగుసలాడాడు. (చెల్లెలికి వినపడుతుందేమోనని గొంతు తగ్గించాడు. భయం మనిషిని అంత తికమక పెడుతుంది.) చిన్నత్త ఆ చేతిని చూసింది, నన్ను చూసింది, మళ్లీ తవ్వి చూపించింది. నేను కళ్లు మూసుకుని, "నా మగ్గానికి నీ క్వార్టర్ల గుంత తవ్వనిస్తరా?" అని సంతంతా వినేలా అడిగేశాను.

టైంకీపరు మాట్లాడినప్పుడు అండీలు తగ్గిపోయాయి. "వీల్లేదంటున్నాడు. గచ్చు పగలగొట్టకూడదని ఆఫీసువాళ్లు చెప్పారట. సంబంధం మాట వచ్చినప్పుడే ఈయన పోయి అడిగాడట. కాదన్నారట."

గొట్టం నా చెవికుంది. ఆ మాట ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. "ఏమన్నడురా?" అన్నాడు బాపు. కాదన్నాడని చెప్పాను. బాపు మొహం పాలిపోయింది. నా చెయ్యి పట్టుకుని, "అవునన్నడని చెప్పు బిడ్డా. నీ కాళ్లు మొక్కుత. ఇది తప్పితే దానికి ఇంకో సంబంధం రాదు. పోయినంక సర్దుకుంటది" అన్నాడు. తండ్రి నా కాళ్ల మాట ఎత్తడం నేనెన్నడూ వినలేదు. నాకు ఏడుపొచ్చింది. ఒక్కసారి తల నిలువుగా ఊపితే చాలు, చిన్నత్త లగ్గమైపోతుంది, బాపు గుండె మీది బండ దిగుతుంది. చిన్నత్త బాపును చూడటం లేదు. నా చేతులనే చూస్తోంది, పోగు తెగినప్పుడు దాని కొస కోసం చూసినట్టు. ఆ చూపు ముందు నా చెయ్యి అబద్ధానికి లేవలేదు. లేదు అని చూపించాను. ఆఫీసువాళ్లు కాదన్నారని, ఆయన ముందే అడిగాడని, విన్నదంతా విన్నట్టే చూపించాను.

ఆమె ఏడవలేదు. తన మొహం చుట్టూ వేలు తిప్పి నన్ను అడిగింది. ఆ మాట చెప్పినప్పుడు ఆయన మొహం ఎట్లున్నది? ఫోనులో మొహం రాదని ఆమెకు తెలుసు. అందుకే అడగమంది. నేను అడిగాను. టైంకీపరు, "దిగులుగా ఉన్నాడండీ. బల్ల అంచు గోకుతున్నాడు. ఇది నా మాటే, కానీ నిజం" అన్నాడు. ఆయన కలిపిన మాటల్లో ఆ ఒక్కటీ నేను ఉన్నది ఉన్నట్టు చిన్నత్తకు అందించాను, ఎవరి మాటో కూడా చెప్పి. ఆమె మొహంలో ఏదో మెత్తబడింది. ఆ తర్వాత ఆమె చేతులు చకచకా కదిలాయి.

"గచ్చు లేని జాగ గా ఊళ్లె ఎక్కడ లేదా?" అని అరిచాను.

"గుట్ట కింద కూలీల గుడిసెలున్నాయట. అక్కడ దీపం లేదు, నల్లా లేదు. బిందె పట్టుకుని పోవాలి. మీరు వస్తానంటే క్వార్టరు ఇచ్చేసి గుడిసెకు మారతానంటున్నాడు."

"నేల మట్టిదేనా?"

"మట్టిదేనట."

చిన్నత్త బాపు వైపు తిరిగి చూడలేదు. అవ్వ వైపూ చూడలేదు. రెండే రెండు సైగలు చేసింది. నేను, కిటికీ అవతలి జనమంతా నోళ్లు తెరుచుకుని చూస్తుండగా, "నేను నీ గుడిసెకు వస్త. గుంత తవ్వి పెట్టు" అన్నాను.

మొదట ఫోనులో దబదబమని బల్ల మోత. దాని అర్థం ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. దాని వెనకే భాయ్ గొంతు. "ముబారక్ మియా. టైమైపోయి చాన సేపాయె గని, ఇయ్యాల నా గడియారం జర సుస్తుగ నడుస్తున్నది" అన్నాడు. లైను తెగిపోయింది. బాపు పార్సెళ్ల బల్ల మీద కూలబడి, "నల్ల పాయె, కరెంటు దీపం పాయె, సర్కారు ఇల్లు పాయె" అని వేళ్లు మడుచుకుంటున్నాడు. "పొల్ల పోతాంది గద, తన మాట మీద పోతాంది" అని అవ్వ ఆయన వీపు నిమిరింది. చిన్నత్త నా దవడ మళ్లీ పట్టుకుంది. ఈసారి నొప్పి పెట్టకుండా.

పెళ్లయిన కొన్ని నెలలకు నేను నందికొండ పోయాను. గుట్ట కింద గుడిసె, గుడిసెలో సగం మగ్గమే. ఆ ఫిట్టరు, ఇప్పుడు నాకు మామ, గుంతను తన కాలి పొడుగుకు తవ్వితే చిన్నత్త కాళ్లు చెక్కలకు అందలేదట, మళ్లీ మట్టి పోసి సరిచేశాడట. తాడును అటూఇటూ పట్టుకుని చూస్తే గుంత అంచు రవ్వంత కూడా వంకర లేదు, అంత ఫిట్టరు పని. రాత్రిళ్లు కందిలి వెలుగులో ఇద్దరూ చేతులతో మాట్లాడుకుంటుంటే, మా ఇంటి సైగలూ వాళ్లింటి సైగలూ కలిసి నాకు సగం అర్థం కాలేదు. నా నోటితో వాళ్లకిక పని లేదు. ఆ సంగతి తెలిసి సంతోషపడ్డాను, రవ్వంత చిన్నబుచ్చుకున్నాను కూడా.

ఆ తర్వాత ఉద్యోగం పర్మనెంటయింది, ఊళ్లు మారాను, ఫోన్లు మారాయి. ఈమధ్య మా మనవరాలు చెప్పింది: వినపడనివాళ్ల కోసం, మాట రానివాళ్ల కోసం, మధ్యలో ఒక మనిషి కూర్చుని ఒకరి మాట ఇంకొకరికి ఫోనులో అందించే ఏర్పాట్లు కొన్ని దేశాల్లో ఉన్నాయట. మధ్యలోని మనిషి తన సొంతంగా ఒక్క ముక్క కలపకూడదట, ఒక్క ముక్క మింగకూడదట, నేను అనే చెప్పాలట. "ఆ కాయిదాలు పెట్టింది మా చిన్నత్త" అన్నాను. అమ్మాయి నవ్వి ఊరుకుంది. నమ్మలేదని నాకు తెలుసు. నమ్మకపోతే దాని ఖర్మ.

నా పెళ్లి సంగతి వేరు. పెద్దవాళ్లు పోయి పిల్లను చూసి వచ్చారు, ముహూర్తం పెట్టారు, నాకు పంచెల చాపు కొన్నారు. నీకిష్టమేనా అని నన్నెవరూ అడగలేదు. అడగలేదు కాబట్టి నేనూ ఏమీ చెప్పలేదు. (మా ఆవిడనూ అడగలేదట. పప్పులో ఉప్పు ఎక్కువైన రోజున ఆమె ఈ సంగతి గుర్తుచేస్తుంది.) ఆలోచించి చూస్తే, వస్తానని నా నోటితో నేను పెళ్లికి ఒప్పుకున్నది ఈ జన్మలో ఒకే ఒక్కసారి. సంత నాడు, ఊరంతా వింటుండగా, నేనెన్నడూ చూడని ఒక ఫిట్టరుకు. దీపం లేదన్నా వెనక్కి తగ్గలేదు, నల్లా లేదన్నా తగ్గలేదు. ఆ పంతొమ్మిదేళ్ల పిల్లవాడు గుర్తొచ్చినప్పుడల్లా నాలో నేనే నవ్వుకుంటాను. ఎంత ధైర్యంగా ఒప్పుకున్నాడో, పాపం.